కొలబద్ద వదిలి కెమేరా పట్టిన ఇంజనీరు: రాజా దీనదయాళ్

హైదరాబాదు ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ ఎలా ఉండేవాడో మనకు తెలుసు. ఫలక్‌నుమా సౌధంలో దర్బారు కుర్చీలు ఎలా వేసి ఉండేవో తెలుసు. నూట నలభై ఏళ్ళ క్రితం సాంచీ స్తూపం, గ్వాలియరు కోట, ఖజురహో గుళ్ళు ఏ స్థితిలో ఉన్నాయో కూడా తెలుసు. ఇవన్నీ మనం పుస్తకాల్లో బొమ్మలుగా చూసినవే. బొమ్మ కింద రాజు పేరుంటుంది, కోట పేరుంటుంది. ఆ బొమ్మ తీసినవాడెవరని మాత్రం మనం అడగం. ఆ అడగని పేరే రాజా దీనదయాళ్. పందొమ్మిదో శతాబ్దంలో మన దేశంలో కెమేరా పట్టిన భారతీయుల్లో ఆయనంత పేరు తెచ్చుకున్నవాడు లేడు.

మన కాలేజీలో ఇప్పుడు కెమేరా ముచ్చట బాగా పెరిగింది. దిండి వంతెన, అంతర్వేది సాగర సంగమం, కౌశిక కాలువ గట్టు, ఆదివారం వస్తే చాలు, ఎవరో ఒకరు మెడలో డిజిటల్ కెమేరా వేసుకుని కనబడుతున్నారు. మంచిదే. అయితే ప్రకృతి దృశ్యాన్ని ఫోటో తియ్యడం నేర్చుకోవడమంటే ఏమిటో, ఆ నేర్పు మనిషిని ఎంత దూరం తీసుకుపోగలదో తెలియాలంటే ఈయన జీవితం చదవడం కన్న మంచి దారి లేదనిపించి ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

దీనదయాళ్ 1844లో మీరట్ దగ్గర సర్ధానా అనే ఊళ్ళో పుట్టారు. జైన కుటుంబం. వాళ్ళది నగల వర్తకం. కుర్రవాడు మాత్రం తక్కెడ పట్టకుండా లెక్కల వైపు, గీతల వైపు మళ్ళాడు. రూర్కీలోని థామసన్ సివిల్ ఇంజనీరింగు కాలేజీలో చేరి 1866లో చదువు పూర్తి చేశాడు. ఈ రూర్కీ కాలేజీకీ మన గోదావరి డెల్టాకూ ఒక చుట్టరికం ఉంది. గంగా కాలువ తవ్వకానికి కావలసిన ఇంజనీర్లను తయారు చెయ్యడం కోసం ఆ కాలేజీని 1847లో పెట్టారు. ఇక్కడ కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట పని మొదలుపెట్టిందీ 1847లోనే. అక్కడ సోలానీ నది మీదుగా గంగా కాలువను దాటించే అక్విడక్టు కట్టారు, ఇక్కడ వైనతేయ మీదుగా పంటకాలువను దాటించే గన్నవరం అక్విడక్టు కట్టారు. 1860లలో గంగా కాలువ నిర్మాణంలో లోపాలున్నాయని కాటన్‌కూ, దాన్ని కట్టించిన కాట్లీకీ మధ్య పెద్ద వాగ్వాదమే నడిచింది. సరిగ్గా ఆ రోజుల్లోనే దీనదయాళ్ రూర్కీలో విద్యార్థి. అంటే మన డెల్టాను తీర్చిదిద్దిన విద్య ఏదో, ఈ ఫోటోగ్రాఫరు కంటికి చూపు నేర్పిన విద్య కూడా అదేనన్నమాట.

అదే ఏడాది ఆయన ఇండోరులో పబ్లిక్ వర్క్స్ శాఖలో హెడ్ ఎస్టిమేటరుగా, డ్రాఫ్ట్స్‌మన్‌గా ఉద్యోగంలో చేరారు. ఎస్టిమేటరు పని ఏమిటి? ఒక వంతెన కట్టాలంటే ఎన్ని ఇటుకలు, ఎంత సున్నం, ఎంతమంది కూలీలు, ఎంత సొమ్ము అని కాగితం మీద ముందే లెక్క తేల్చడం. డ్రాఫ్ట్స్‌మన్ పని ఆ వంతెన ముందు నుంచి ఎలా కనబడుతుంది, పక్క నుంచి ఎలా కనబడుతుంది అని కొలతతో గీయడం. ఎనిమిదేళ్ళు ఈ పని చేసినవాడికి ఒక గోడను చూడగానే దాని ఎత్తెంతో, నీడ ఎటు పడుతుందో, ఏ మూల నిలబడితే మొత్తం కట్టడం తేటగా కనబడుతుందో చెప్పనక్కర్లేదు. కెమేరా కొనక ముందే ఆయనకు సగం ఫోటోగ్రఫీ వచ్చేసిందని అనడం అతిశయోక్తి కాదు.

1874 ప్రాంతంలో, అంటే ముప్ఫయ్యో యేట, ఆయన ఫోటోలు తియ్యడం మొదలుపెట్టారు. ఈ మాట కాస్త నిలిచి ఆలోచించాలి. అప్పటికి ఆయనకు స్థిరమైన సర్కారు నౌకరీ ఉంది. ఫోటోగ్రఫీ అనేది ప్రపంచంలోకి వచ్చి ముప్ఫయ్యయిదేళ్ళే అయింది. 1839లో ఫ్రాన్సులో డాగేర్ పద్ధతి ప్రకటించారు. 1851లో ఇంగ్లండులో ఆర్చర్ తడి ప్లేటు పద్ధతి కనిపెట్టాడు. మన దేశంలో పేరున్న ఫోటోగ్రాఫర్లంతా దాదాపు తెల్లవాళ్ళే. మద్రాసు ప్రభుత్వం తరఫున లినేయస్ ట్రైప్, హిమాలయాల్లో శామ్యూల్ బోర్న్ వంటివారు తీసిన దృశ్యాలు అప్పటికే ప్రసిద్ధం. ఆ వరసలోకి ఒక గుమాస్తా స్థాయి భారతీయుడు కేవలం సరదాగా, ఖాళీ వేళల్లో నేర్చుకుంటూ అడుగు పెట్టాడు.

మరి ఆనాడు నేర్చుకోవడం ఎంత పనో సైన్సు విద్యార్థులు ఊహించగలరు. తడి ప్లేటు పద్ధతిలో ముందుగా గన్‌కాటన్‌ను ఈథరు, ఆల్కహాలు మిశ్రమంలో కరిగించి కొలోడియన్ అనే జిగురు ద్రావణం చేస్తారు. అందులో అయొడైడు లవణం కలుపుతారు. శుభ్రం చేసిన గాజు పలక మీద దాన్ని ఒక్క చుక్క కారకుండా సమంగా పొయ్యాలి. వెంటనే చీకట్లో సిల్వర్ నైట్రేటు ద్రావణంలో ముంచాలి. అప్పుడు పలక మీద సిల్వర్ అయొడైడు ఏర్పడి అది వెలుతురుకు స్పందిస్తుంది. ఆ తడి ఆరిపోయేలోగా, అంటే పది పదిహేను నిమిషాల్లోపల, కెమేరాలో పెట్టి వెలుగు చూపించి, మళ్ళీ చీకట్లోకి తెచ్చి ఫెర్రస్ సల్ఫేటుతో డెవలప్ చేసి, హైపోతో గాని సయనైడుతో గాని ఫిక్స్ చెయ్యాలి. ఆరితే అంతా వృథా. కాబట్టి ఫోటోగ్రాఫరు ఎక్కడికి పోతే చీకటి గుడారం అక్కడికి పోవాలి. కెమేరా, ముక్కాలి స్టాండు, గాజు పలకల పెట్టెలు, మందు సీసాలు, నీళ్ళ కూజాలు, వీటన్నిటికీ మనుషులో ఎడ్లబళ్ళో కావాలి. ఎండాకాలంలో ఈథరు ఇట్టే ఆవిరయిపోతుంది. దుమ్ము రేగితే పలక మీద మచ్చలు. ఆ రోజుల్లో మామూలుగా ఫోటో పెద్దది కావాలంటే గాజు పలకే పెద్దది కావాలి, ఎందుకంటే పలకను కాగితం మీద ఆనించి ఎండలో పెట్టి అచ్చు తీసేవారు. పదంగుళాలు, పన్నెండంగుళాల గాజును పగలకుండా కొండలెక్కించడమంటే మాటలా?

ఇంకొక చిక్కుంది. మన కోనసీమవాళ్ళు దీన్ని తప్పక గమనించాలి. ఆ కాలపు పలకకు నీలి రంగు వెలుతురే బాగా అందేది. ఆకుపచ్చ, పసుపు, ఎరుపు దానికి సరిగా కనబడవు. అంచేత నీలాకాశం తెల్లకాగితంలా తేలిపోయేది, మబ్బులు మాయమయ్యేవి. పచ్చటి చెట్లు బొగ్గులా నల్లబడేవి. పైగా వెలుగు చూపించవలసిన సమయం సెకన్లలో లెక్క, గాలికి ఆకు కదిలితే ఆకు బదులు మసక. వరిచేలు, కొబ్బరితోటలు, ఏటిగాలి తప్ప వేరే ఏమీ లేని మన సీమను ఆనాటి కెమేరాతో తీసి ఉంటే నల్లటి తోటలు, తెల్లటి ఆకాశం తప్ప ఏమీ మిగిలేది కాదేమో! దీనదయాళ్ ఈ లోపంతోనే ఒప్పందం చేసుకున్నారు. కదలని రాయిని ముఖ్యం చేసుకున్నారు. ఎండ ఏటవాలుగా పడి చెక్కడం లోతు తేలే వేళ చూసుకున్నారు. ఖాళీ ఆకాశాన్ని వెలితిగా వదలకుండా గోపురం అంచు తేట పడేందుకు వాడుకున్నారు. ఉన్న పరికరం దేన్ని చూడగలదో తెలుసుకుని, దాన్నే అందంగా చూపడం ఆయన పద్ధతి.

ఇండోరు మహారాజు రెండవ తుకోజీరావు హోల్కరు, మధ్య భారత ఏజెంటు సర్ హెన్రీ డేలీ ఆయన పనిని చూసి ప్రోత్సహించారు. క్రమంగా రాజకుటుంబాల నుంచి, తెల్ల అధికారుల నుంచి పిలుపులు వచ్చాయి. డేలీ తరవాత ఏజెంటుగా వచ్చిన సర్ లెపెల్ గ్రిఫిన్ 1880ల మొదట్లో బుందేల్‌ఖండు పర్యటనకు ఆయన్ని వెంటబెట్టుకుని వెళ్ళాడు. గ్వాలియరు, ఓర్ఛా, దతియా, ఖజురహో, సాంచీ, ఇలా ఊరి తరవాత ఊరు. ఆ ఫోటోలతో మధ్య భారతంలోని ప్రసిద్ధ కట్టడాల గురించి గ్రిఫిన్ పేరున 1886లో లండనులో పెద్ద గ్రంథం వెలువడింది. ఆ రోజుల్లో ఇలాంటి బొమ్మల్లో ఒక అలవాటు కనబడుతుంది. కట్టడం పక్కన ఎవరో ఒక మనిషి నిలబడి ఉంటాడు, లేదా కూర్చుని ఉంటాడు. ఆ మనిషే కొలబద్ద. అతని ఎత్తును బట్టి స్తంభం ఎత్తు తెలుస్తుంది. ఎస్టిమేటరు బుద్ధికి ఈ పద్ధతి బాగా నచ్చి ఉండాలి.

ఇక్కడ ఆయన జీవితంలో అసలైన మలుపు వస్తుంది. ఒకవైపు సర్కారు కొలువు, నెల నెలా జీతం, పింఛను. ఇంకోవైపు గాజు పలకలు, మందులు, ఎప్పుడు పిలుస్తారో ఎప్పుడు మరిచిపోతారో తెలియని రాజుల దయ. పెళ్ళాం బిడ్డలున్న నలభై ఏళ్ళ మనిషి ఏది ఎంచుకోవాలి? ఆయన ఉద్యోగం వదిలి ఫోటోగ్రఫీనే వృత్తిగా తీసుకున్నారు. అయితే ఇది ఒక్క రాత్రిలో తెగించిన తెగింపు కాదు. దాదాపు పదేళ్ళపాటు జీతం మీద బతుకుతూ విద్య నేర్చారు, పేరు తెచ్చుకున్నారు, ఆదరించేవాళ్ళను సంపాదించుకున్నారు, ఆ తరవాతే గడప దాటారు. నారుమడి సిద్ధం కాకుండా చేను దమ్ము చెయ్యని రైతు బుద్ధి అది. ఏదో ఒక కళ మీద మోజుతో చదువు మానేద్దామా అని ఊగిసలాడే మన మిత్రులకు ఈ పదేళ్ళ సంగతి తప్పక చెప్పాలి.

1880ల మధ్యలో నిజాం మహబూబ్ అలీఖాన్ ఆయన్ని ఆస్థాన ఫోటోగ్రాఫరుగా నియమించాడు. మకాం హైదరాబాదుకు మారింది. 1886లో సికింద్రాబాదులో స్టూడియో వెలిసింది. 1892లో హైదరాబాదులో స్త్రీల కోసం ప్రత్యేకంగా జనానా స్టూడియో తెరిచారు. ఘోషా పాటించే కుటుంబాల స్త్రీలు పరపురుషుని ముందుకు రారు గనక, అక్కడ ఒక ఇంగ్లీషు మహిళ ఆధ్వర్యంలో ఫోటోలు తీసే ఏర్పాటు చేశారు. 1896లో బొంబాయిలో కూడా స్టూడియో పెట్టారు. నిజాం ఆయనకు రాజా ముసవ్విర్ జంగ్ బహదూర్ అని బిరుదిచ్చాడు. ముసవ్విర్ అంటే చిత్రకారుడు అని అర్థం. 1893లో షికాగోలో జరిగిన ప్రపంచ ప్రదర్శనలో ఆయన ఫోటోలకు గౌరవం దక్కింది. విక్టోరియా రాణి ఫోటోగ్రాఫరుగా కూడా నియామకం పొందారు. ఈలోగా పొడి ప్లేట్లు బజారులోకి వచ్చాయి. 1871లో మాడెక్స్ అనే ఇంగ్లీషు వైద్యుడు జెలటిన్‌తో చేసిన ప్రయోగం దానికి మూలం. ముందే తయారై పెట్టెలో వచ్చే ఈ పలకలకు గుడారం అక్కర్లేదు, వెలుతురు కూడా తక్కువ సేపు చాలు. సైన్య విన్యాసాలు, వేటలు, ఊరేగింపులు వంటి కదిలే దృశ్యాలు పట్టుకోవడం దానితో తేలికయింది. కొత్త పరికరం రాగానే పాత నేర్పు పోయిందని దిగులు పడకుండా దాన్ని అందిపుచ్చుకున్నవాళ్ళలో ఆయన ఒకరు.

తెలుగు నేల ఆయన కెమేరాలో చాలానే కనబడుతుంది. హైదరాబాదు వీధులు, చార్మినారు, గోలకొండ, ఓరుగల్లు శిథిలాలు నిజాం రాజ్యపు దృశ్యాలుగా ఆ స్టూడియో నుంచి వెలువడ్డాయి. 1902లో వరంగల్లు ప్రాంతంలోని నెక్కొండ దగ్గర వైస్రాయి కర్జన్ దంపతులు చచ్చిన పులి వెనకాల నిలబడి దిగిన ఫోటో ఈనాటికీ అందరికీ తెలిసినదే.

ఈ పులి ఫోటో చూసినప్పుడు మాత్రం మనసులో ఒక ప్రశ్న రాక మానదు. దీనదయాళ్ జీవితమంతా పెద్దల మధ్యే గడిచింది. రాజులు, వైస్రాయిలు, విందులు, సౌధాలు. వాళ్ళు ఎలా కనబడాలనుకున్నారో అలాగే చూపించడం ఆయన జీవనాధారం. ఆ ఫోటోల్లో దొరల పేర్లు వరసగా తెలుస్తాయి. పులిని తోలిన జనం పేర్లు తెలియవు. స్తూపం పక్కన కొలబద్దలా నిలబడ్డ మనిషి పేరూ తెలియదు. ఇది ఆయన ఒక్కరి లోపం కాదు, డబ్బు ఎవరిస్తే బొమ్మ వారిదయ్యే కాలధర్మం. అయినా ఆయన కెమేరా సౌధం గుమ్మం దగ్గరే ఆగిపోలేదు. శతాబ్దం చివరి కరువు రోజుల్లో ఔరంగాబాదు ప్రాంతంలో నిజాం ప్రభుత్వం చేపట్టిన కరువు సాయం పనులను కూడా ఆ స్టూడియో ఫోటోలు తీసింది. అవీ ప్రభుత్వం తన పని చూపించుకోవడానికి తీయించినవే. కానీ ఫోటోకు ఒక గుణం ఉంది. తీయించినవాడు చూపించదలచినదే కాక, ఎదుట ఉన్నదంతా అందులో పడుతుంది. పొట్టకూటి కోసం మట్టి మోసిన మనుషులు అలా చరిత్రలోకి వచ్చేశారు. దర్బారు వైభవం కన్న ఆ మనుషులే ఈనాడు మనల్ని ఎక్కువసేపు నిలబెడతారు.

ఆయన కుమారులు జ్ఞానచంద్, ధరమ్‌చంద్ ఇద్దరూ తండ్రి వృత్తిలోనే ఉన్నారు. ధరమ్‌చంద్ 1904లో చనిపోయాడు. మరుసటి ఏడాది, 1905 జులైలో, దీనదయాళ్ కూడా కన్నుమూశారు. జ్ఞానచంద్ కొంతకాలం స్టూడియో నడిపించాడు. కాలం గడిచేకొద్దీ వ్యాపారం తగ్గింది, గాజు పలకలు పెట్టెల్లో మిగిలాయి. 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రం వాటిలో 2,857 గాజు నెగటివ్‌లను సేకరించి భద్రపరిచింది. 2006లో తపాలాశాఖ ఆయన పేర స్టాంపు వేసింది. పగిలిపోయే గాజు మీద చేసిన పని వందేళ్ళు నిలిచిందంటే దానికి కారణం ఒక చిన్న అలవాటు కూడా. ఆయన బొమ్మల్లో చాలావాటి మీద నంబరు, స్థలం పేరు, స్టూడియో సంతకం ఉంటాయి. ఎస్టిమేటరు రిజిస్టరు రాసినట్టే ఫోటోలకూ లెక్క రాశారు. ఏది ఎక్కడిదో తెలుస్తున్నది గనకే అవి ఈనాడు చరిత్రకు పనికొస్తున్నాయి.

ఇప్పుడు మన చేతిలో ఉన్న కెమేరా సంగతి. 1975లో కోడాక్ కంపెనీలో సాసన్ అనే యువ ఇంజనీరు చేసిన తొలి డిజిటల్ కెమేరా ఒక్క బొమ్మను టేపు మీద నమోదు చెయ్యడానికి 23 సెకన్లు తీసుకుంది. అందులో ఉన్న చుక్కలు పదివేలే. నేడు మామూలు కెమేరాలో కోట్ల చుక్కలుంటాయి. పచ్చదనం నల్లబడదు, మబ్బు మాయం కాదు, కొబ్బరాకు గాలికి ఊగినా ఆగి దొరుకుతుంది. గాజు పలక ఆరిపోతుందన్న బెంగ లేదు. అంచేతే ఒక గంటలో మూడొందల ఫోటోలు తీసి ఒక్కటీ చూడకుండా వదిలేస్తున్నాం. దీనదయాళ్‌కు రోజుకు లెక్కపెట్టదగినన్ని పలకలే. కాబట్టి పలక తియ్యక ముందే చూడవలసిందంతా చూసేవారు. కొత్త కెమేరా కొన్నవారు ఒక పని చేసి చూడండి. ఒకే గట్టు మీద, ఒకే చోట నిలబడి, తెల్లవారుజామున మంచులో ఒకటి, ఎండెక్కాక ఒకటి, నడినెత్తి ఎండలో ఒకటి, పొద్దువాలాక ఒకటి, నాలుగే ఫోటోలు తియ్యండి. సార్వా నాట్లప్పుడు, కోతలప్పుడు, దాళ్వా నీళ్ళు వదిలినప్పుడు మళ్ళీ అక్కడే తియ్యండి. ఏడాది తిరిగేసరికి ఏ పుస్తకమూ నేర్పలేని పాఠం ఆ పన్నెండు పదహారు ఫోటోలే నేర్పుతాయి.

ఆ పని సరదా కోసమే కాదు. మన సీమ రూపు కళ్ళెదుటే మారుతున్నది. 1995లో పాశర్లపూడి దగ్గర బావి రెండు నెలలకు పైగా మండింది. 1996 నవంబరు తుఫాను కొబ్బరితోటలను తుడిచిపెట్టింది. గన్నవరంలో పాత అక్విడక్టు పక్కన కొత్తది వచ్చింది. వరిచేలు రొయ్యల చెరువులవుతున్నాయి, లంకలను ఏరు కోసుకుపోతున్నది. మన తాతలు దున్నిన చేను ఎలా ఉండేదో చూపించడానికి మనలో ఎందరింట్లో ఒక్క ఫోటో ఉంది? పెళ్ళి ఫోటోలున్నాయి, చేని ఫోటో లేదు. రాజులకు దీనదయాళ్ దొరికాడు. లంక రైతుకు, దింపు కార్మికుడికి, పంటు నడిపే సరంగుకు మాత్రం ఎవరూ దొరకలేదు. ఆ లోటు తీర్చే పరికరం ఇప్పుడు మన మెడలోనే వేలాడుతున్నది.

కాబట్టి మిత్రులారా, ఫోటో తీసిన రాత్రే దాని పక్కన ఊరి పేరు, తేదీ, వేళ రాసిపెట్టండి. గట్టు మీద నిలబడ్డ మనిషి ఉంటే, ఆయన సరేనంటే, ఆయన పేరు కూడా రాయండి. దీనదయాళ్ నుంచి మనం నేర్చుకోవలసినది మొదటి పని, ఆయన కాలం చెయ్యనివ్వనిది రెండో పని.